లైన్, మైక్

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
ఇల్లు లాగి చూడమని ఎవరూ అనలేదు.
చిలోయే దీవిలో లాగుతారు.
కింద నున్నటి దుంగలు, ముందు ఆరు జతల ఎడ్లు,
వెనక భుజం ఆన్చి ఊరు ఊరంతా.
ఉబెర్లిండా ఇల్లు ఆ రోజు
ఈ ఒడ్డు వదిలి, బురద దాటి,
చెల్లెలిచ్చిన గట్టు మీదికి వెళ్ళాలి,
సముద్రం పోటెత్తేలోపు.

నా పని శబ్దం.
నడుముకి మిక్సర్, చెవులకి హెడ్‌ఫోన్లు,
గాలంటే జడిసే మైకుకి బొచ్చు తొడుగు.
దాన్ని ఏ జంతువనుకుందో
రెమోల్కోయ్ గారి కుక్క, సరిగ్గా ఎడ్లు కదిలే ముందు,
రెండుసార్లు మొరిగింది.

ఒనోఫ్రే కెమెరాకీ నాకూ మధ్య ఆరు మీటర్ల తీగ.
అతను నడిస్తే నేను నడవాలి,
అతను మోకాటి లోతు దిగితే నేనూ దిగాలి.
మేమూ ఒక జతే,
కాడి మాత్రం రబ్బరుది.
నా మిక్సర్‌కి జ్ఞాపకం లేదు, అది దారి మాత్రమే.
దాచుకోవాల్సింది కెమెరా.

గోడలకి చెవులుంటాయంటారు కదా,
నేనొకటి అదనంగా పెట్టాను:
అరచేతిలో పట్టే రికార్డరు,
ఉన్ని మేజోడులో చుట్టి, మూడో మెట్టు పక్కన.
"అదెందుకు?" అంది ఉబెర్లిండా.
"ఊరికే" అన్నాను.
పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను,
ఊరికే పెట్టినవాటి విలువ కొంచెం తెలుసు.

రెమోల్కోయ్ కేకేశాడు.
ఎడ్ల మెడలు వంగాయి.
ఇల్లు ఒక్క క్షణం ఆలోచించి
కదిలింది.
కాళ్ళ కింద గవ్వల పటపట,
తాళ్ళ మూలుగు, ఆడవాళ్ళ అదిలింపులు,
దుంగ జారినప్పుడల్లా ఎవరో ఎవరి అమ్మనో తలుచుకోవడం,
అన్నీ నా చెవిలో కడిగిన అద్దంలా ఉన్నాయి.
మీటర్లు పచ్చగా ఊగాయి.
నేను కూడా ఊగాననుకుంటాను.

రాత్రి వేడి మిల్కావో రొట్టెలు, ఆపిల్ సారా.
ఒనోఫ్రే కెమెరా తెరిచి వినిపించాడు.
ఎడ్లు లేవు. ఊరు లేదు.
రేకు మీద రేకు ఈడుస్తున్నట్టు
ఒకటే బరబర.
మెనూ మూడో పేజీలో 'మైక్' అని ఉంది,
నేను పంపింది 'లైన్'.
దోసిలి పట్టినవాడి నోట్లోకి
ఏకంగా తూము ఎత్తేశాను.

తప్పెవరిదని ఎవరూ అడగలేదు,
అందుకే నేనే చెప్పాను.
నేను విన్నది నా మిక్సర్‌ని.
కెమెరాకి ఏం వినిపిస్తోందో
రోజంతా ఒక్కసారీ వినలేదు.
అది వినిపించే రెండో తీగ ఉంది,
పెట్టెలోనే, చుట్ట కూడా విప్పకుండా.
మాట బాగా వచ్చిందని మురుస్తూ
ఎదుటి ముఖం చూడనివాళ్ళని
ఎంతమందిని తిట్టానో అంతకుముందు.

అప్పుడు గుర్తొచ్చింది మేజోడు.

లోపల ఇంకో ప్రయాణం జరిగింది.
చెక్కలో మేకులు గొణిగాయి.
కిటికీలు పళ్ళు కొరికాయి.
మర్చిపోయిన గుండీ ఒకటి
వంటగది నుంచి పడగ్గదికి దొర్లి, మళ్ళీ వెనక్కి.
కేకలన్నీ గోడ అవతల,
పక్కింటి పండగలా.
ఆ తర్వాత అంతా ఆగింది. దూరంగా నీరు.
అంతలో మూడో మెట్టు
కిర్రుమంది.

"ఎవరు?" అన్నాడు ఒనోఫ్రే. అందరూ బయటే ఉన్నారు కదా.

"నేనే" అంది ఉబెర్లిండా.
"మీరు తాళ్ళు విప్పుతుంటే ఒకసారి లోపలికెళ్ళాను,
అదే ఇల్లా కాదా అని."
హెడ్‌ఫోన్లు రెండు చేతులతో నొక్కి పట్టుకుంది.
"మెట్టు అలాగే మోగింది కదూ,
అప్పుడు నాకు వినబడలేదు."

ఇక బొమ్మకీ దీనికీ ముడి వేయాలి.
లోపల చప్పట్ల పలక కొట్టినవాళ్ళు లేరు.
అర్ధరాత్రి దాకా వెతికాం,
ఎద్దు అడుగు, దుంగ దెబ్బ, ఏదీ కుదరలేదు.
చివరికి బొమ్మలో ఒక మూల
బొచ్చు మైకుని చూసి నోరు తెరిచిన కుక్క.
ఇంటి లోపల, చెక్క గోడ అవతల, చాలా చిన్నగా,
భౌ.
ఒకటి కాదు, రెండు.
రెండోదానికి కలిపాం.